కొత్త లిథియం బ్యాటరీకి మొదటి ఛార్జి: రాత్రి కాదు, పగలు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము ప్రాంతముల నేత కుటుంబములలో లిథియం బ్యాటరీ ఇప్పుడు వింత వస్తువు కాదు. కరెంటు పోయినప్పుడు మగ్గము మీది దీపము ఆరిపోకుండుటకు ఇన్వర్టరు బ్యాటరీ, కండెలు చుట్టు చిన్న మోటారుకు బ్యాటరీ, నూలు మూటలు తెచ్చుటకు కరెంటు స్కూటరు, పిల్లల చేతిలో ఫోను, ఇట్లు ఏదో ఒక రూపమున అది అనేక ఇండ్లలో చేరినది. దీనిని కొన్న సభ్యులు సంఘ కార్యాలయమునకు వచ్చి అడుగు ప్రశ్న ఒక్కటే. "మొదటిసారి రాత్రంతా ఛార్జి పెట్టమని అంగడివారు చెప్పినారు. నిజముగా ఎన్ని గంటలు పెట్టవలెను?"

జవాబు ముందుగానే చెప్పెదము. రాత్రంతా పెట్టనక్కరలేదు. అంతే కాదు, పెట్టకూడదు. కొత్త లిథియం బ్యాటరీకి మొదటి ఛార్జిని పగటిపూట, ఇంటిలో పెద్దవారొకరు మెలకువగా దగ్గర ఉండగా చేయవలెను. నిండినదని దీపము చూపగానే ఆపవలెను. ఎందుకు అనునది ఈ వ్యాసములో వివరించుచున్నాము.

మన ఇండ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడము, బ్యాటరీ పెట్టెలో వచ్చు కాగితము ఇంగ్లీషు. ఆ కాగితమును చదువువారు తక్కువ. అందుచేత అంగడిలో విన్న మాటయే ఇంటిలో శాసనమగుచున్నది. మేమును ఇందుకు మినహాయింపు కాము. సంఘ కార్యాలయమునకు మొదటిసారి లిథియం బ్యాటరీ తెచ్చినప్పుడు, విన్న మాట ప్రకారము నూలు మూటలున్న గదిలోనే దానిని రాత్రంతా ఛార్జికి పెట్టి, తలుపు తాళము వేసి ఇంటికి పోయినాము. ఏమియు జరుగలేదు. అది మా తెలివి కాదు, అదృష్టము మాత్రమే. ఆ గదిలో ఉన్నది మా సొంత సొత్తు కాదు, సభ్యులందరి నూలు అని తరువాత తలచుకొనినప్పుడెల్ల గుండె ఝల్లుమనును.

రాత్రంతా అను మాట ఎక్కడిది?

ఆ మాట అబద్ధముగా పుట్టినది కాదు. ఒకప్పుడు అది సరియైన మాటయే. అయితే అది వేరొక జాతి బ్యాటరీని గూర్చిన మాట.

మన పెద్దలు ఎరిగిన బ్యాటరీ సీసపు బ్యాటరీ. లారీలకు, ట్రాక్టర్లకు, పాత ఇన్వర్టర్లకు ఉండునది అదే. అది అంగడికి పొడిగా వచ్చుట కలదు. అమ్మునప్పుడు అందులో ఆమ్లము పోసి, తక్కువ కరెంటుతో చాల గంటలు ఛార్జి చేయవలెను. పొడిగా పడియున్న సీసపు పలకలు ఆమ్లమును పీల్చుకొని పనికి సిద్ధమగుటకు ఆ కాలము కావలసి వచ్చెడిది. ఆ మొదటి ఛార్జిని తొందరపడి మధ్యలో ఆపినచో బ్యాటరీ ఆయుస్సు తగ్గెడిది.

రెండవది నికెల్ కాడ్మియం బ్యాటరీ. ఛార్జి చేయు టార్చిలైట్లలోను, తొలినాటి సెల్ ఫోనులలోను అది ఉండెడిది. దానికి తన శక్తిలో పదవ వంతు కరెంటుతో 14 నుండి 16 గంటలు మొదటి ఛార్జి ఇచ్చుట పద్ధతి. దానిని పూర్తిగా వాడి, పూర్తిగా నింపవలెనని కూడ చెప్పెడివారు. సగము వాడి మాటిమాటికి నింపినచో అది ఆ సగమునకే అలవాటు పడుట కలదని ఆ జాగ్రత్త.

తరువాత ఫోనులలోనికి లిథియం బ్యాటరీ వచ్చినది. లోపలి వస్తువు మారినది, అంగడివాని మాట మాత్రము మారలేదు. గుంట మగ్గమునకు చెప్పిన కొలతలతో జాకార్డు మగ్గమును బిగించినట్లే ఇది.

మొదటి ఛార్జి కర్మాగారములోనే ముగిసినది

లిథియం అయాన్ బ్యాటరీని జపాను దేశపు సోనీ సంస్థ 1991లో మొదటిసారి అమ్మకమునకు తెచ్చినది. దీనికి పునాది వేసిన పరిశోధనలకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో అను ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నేడు ఇన్వర్టరులలో ఎక్కువగా వాడు ఇనుప ఫాస్ఫేటు రకమును గూర్చిన పరిశోధనను గుడెనఫ్ గారు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమునుండి 1997లో ప్రకటించిరి. ఆ పత్రము మీద ఆయనతో పాటు పాఢి, నంజుండస్వామి అను రెండు భారతీయ నామములు ఉన్నవని తెలిసినచో మనవారు సంతోషింతురు.

ఈ బ్యాటరీ లోపల ఒక ప్రక్క గ్రాఫైటు పూసిన రేకు, మరియొక ప్రక్క లోహపు ఆక్సైడుగాని, ఇనుప ఫాస్ఫేటుగాని పూసిన రేకు, రెండింటి నడుమ పలుచని తెర, వాటిని తడుపుచు ఒక ద్రవము ఉండును. ఛార్జి చేయునప్పుడు లిథియం అణువులు విద్యుదావేశముతో రెండవ ప్రక్కనుండి గ్రాఫైటు ప్రక్కకు పోయి చేరును. వాడునప్పుడు తిరిగి వచ్చును. నాడె అటు పోయి ఇటు వచ్చినట్లు, ఈ రాకపోకలే బ్యాటరీ పని.

మొట్టమొదటి ఛార్జిలో మాత్రము ఒక విశేషము జరుగును. గ్రాఫైటు మీద, ద్రవము తగిలిన చోట, కంటికి కనిపించనంత పలుచని పొర ఏర్పడును. ఆ పొర సరిగా ఏర్పడినచో ద్రవము గ్రాఫైటును తినివేయకుండ కాపాడును, లిథియమును మాత్రము పోనిచ్చును. మనము పడుగుకు గంజి పెట్టుట వంటిది ఇది. గంజి సరిగా పట్టిన పోగు పన్నె రాపిడికి ఆగును. పట్టని పోగు పీచు లేచి తెగును. గంజి ఎక్కువైనను పోగు పెళుసగును.

ఈ గంజిపని మన ఇంటిలో జరుగునది కాదు. కర్మాగారములోనే కొలిచిన కరెంటుతో, కొలిచిన వేడిలో ఈ మొదటి ఛార్జిని చేసి, సెల్లులను కొన్నాళ్లు ఊరక ఉంచి, పరీక్షించి, చెడ్డవానిని ఏరివేసిన తరువాతనే పెట్టెలలో పెట్టుదురు. కనుక మనము ఇంటిలో మొదటిది అని అనుకొను ఛార్జి నిజముగా మొదటిది కాదు. ఒకసారి గంజి పెట్టి ఆరబెట్టిన పడుగును కొనితెచ్చి, రాత్రంతా మరల గంజిలో నానబెట్టువారు మనలో ఉందురా?

కొత్త బ్యాటరీ ఖాళీగా కూడ రాదు. సాధారణముగా మూడవ వంతునుండి సగము వరకు నిండి వచ్చును. నిండుగా నిలువ ఉంచినచో త్వరగా ముసలిదగును, ప్రమాదమైనప్పుడు మంట ఎక్కువగును. పూర్తిగా ఖాళీగా ఉంచినచో లోపల చెడిపోవును. విడిగా విమానములో పంపు లిథియం అయాన్ బ్యాటరీలలో 30 శాతమునకు మించి ఛార్జి ఉండరాదని 2016 ఏప్రిల్ 1 నుండి అంతర్జాతీయ నియమము కూడ ఉన్నది.

నిండిన కండెకు ఇంకా చుట్టినచో

కండె చుట్టువారికి ఛార్జి సంగతి సులభముగా బోధపడును. ఖాళీ కండెకు చక్రమును వేగముగా త్రిప్పవచ్చును. నిండు సమయమున వేగము తగ్గించి జాగ్రత్తగా చుట్టవలెను. నిండిన తరువాత ఇంకను చుట్టినచో పోగులు కొనలనుండి జారి చిక్కుపడును. ఆ కండె నాడెలో పట్టదు.

లిథియం ఛార్జరు చేయు పని అచ్చముగా ఇదే. మొదట ఒకే రీతి కరెంటుతో త్వరగా నింపును. సెల్లు వోల్టేజి తన పై హద్దును చేరగానే ఆ హద్దును దాటనీయక, కరెంటును కొంచెము కొంచెముగా తగ్గించుచు వచ్చి, చివరకు ఆపివేయును. ఫోనులలోని సాధారణ సెల్లుకు ఆ హద్దు సుమారు 4.2 వోల్టులు. ఇనుప ఫాస్ఫేటు సెల్లుకు 3.65 వోల్టులు. ఛార్జరు ఆపిన తరువాత 4 గంటలు ఉంచినను, 10 గంటలు ఉంచినను అదనముగా ఒక్క నిమిషపు వెలుగు కూడ రాదు. బ్యాటరీలో కాపలా పలక అని మనము పిలువదగిన ఒక చిన్న విద్యుత్ పలక ఉండును. వోల్టేజి, కరెంటు, వేడి హద్దు మీరినచో అది తెగగొట్టును. ఛార్జరు ఆపును, కాపలా పలక ఆపును, ఇక భయమేమి అని కొందరు అడుగవచ్చును. ఆ రెండును చక్కగా పనిచేసినంత వరకు భయము లేదు. కొత్త వస్తువులో అవి పనిచేయుచున్నవో లేవో మనము మొదటిసారి చూచుట ఈ ఛార్జిలోనే. అందుకే మెలకువ కావలెను.

ఎన్ని గంటలు పట్టును?

ఈ లెక్క ఎవరైనను వేయవచ్చును. ఇన్వర్టరు బ్యాటరీ మీద 12.8 వోల్టులు, 100 ఆంపియరు గంటలు అని ఉన్నదనుకొందము. ఛార్జరు 10 ఆంపియరులది. పూర్తిగా ఖాళీగా ఉన్నచో 100ను 10తో భాగించగా 10 గంటలు. సగము నిండి వచ్చినది గనుక 5 గంటలు. చివరి నెమ్మది ఛార్జికి మరికొంత కలుపుకొనవలెను. ఉదయము 8 గంటలకు పెట్టినచో మధ్యాహ్నము 2 గంటల ప్రాంతమున నిండును. మూడవ వంతే నిండి వచ్చినచో 4 గంటలకు నిండును. ఏ విధముగా చూచినను ప్రొద్దు గూకక ముందే పని ముగియును.

స్కూటరు బ్యాటరీ 2 యూనిట్లది, ఛార్జరు 500 వాట్లది అయినచో గంటకు అర యూనిటు ఎక్కును. సగమునుండి నిండుటకు 2 గంటలు, నష్టములు కలుపుకొని రెండున్నర, 3 గంటలు. ఫోను సంగతి గంటా, రెండు గంటలే. రాత్రి యవసరము ఎక్కడను కనబడుట లేదు.

రాత్రి ఎందుకు కూడదు?

2022వ సంవత్సరము మన తెలుగువారికి ఈ విషయమున చేదు పాఠము నేర్పినది. ఆ ఏప్రిల్ 20 తెల్లవారుజామున నిజామాబాదులో, ఇంటిలో రాత్రి ఛార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏండ్ల వృద్ధుడు మరణించెను. మూడు దినములు గడువక ముందే, ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడలో మరియొకటి జరిగినది. ముందు దినమే కొన్న స్కూటరు. దాని బ్యాటరీని పడకగదిలో ఛార్జికి పెట్టి కుటుంబము నిద్రించినది. ఇంటి యజమాని ప్రాణము పోయినది, భార్య తీవ్రముగా గాయపడినది. అంతకు నెల ముందు, మార్చిలో, తమిళనాడులోని వేలూరులో రాత్రి ఛార్జికి పెట్టిన స్కూటరుకు నిప్పు అంటుకొనగా, ఆ పొగకు ఊపిరాడక తండ్రి, కుమార్తె చనిపోయిరి. వారిని చంపినది మంట కాదు, పొగ.

ఆ యేటి ప్రమాదములపై కేంద్ర ప్రభుత్వము జరిపించిన విచారణలో సెల్లులలోను, కాపలా పలకలలోను లోపములు బయటపడినవి. 2022 డిసెంబరు 1 నుండి స్కూటరు బ్యాటరీల పరీక్షా నియమములు కఠినమైనవి. కనుక రాత్రి ఛార్జి పెట్టుటయే ఆ ప్రమాదములకు మూలమని మేము చెప్పుట లేదు. మూలము లోపమున్న బ్యాటరీ. అయితే లోపము పగలు బయటపడినచో మనిషి చూచును, వాసన పట్టును, స్విచ్చి ఆపును, పిల్లలను బయటికి తీయును. రాత్రి బయటపడినచో అందరు నిద్రలో ఉందురు. కర్మాగారపు పరీక్షలో కంటబడని లోపము గాని, లారీలో తగిలిన దెబ్బ గాని బయటపడు అవకాశము మొదటి కొన్ని ఛార్జీలలోనే ఎక్కువ.

నేతవారి ఇంటికి ఇది మరింత వర్తించును. మగ్గమున్న గదిలోనే మనము పడుకొందుము. గోడకు చిలపలు, మూలలో నూలు మూటలు, మగ్గము క్రింది గుంటలో పీచు, దూలము మీద ఏండ్ల తరబడి పేరుకొనిన దుమ్ము. పెక్కు ఇండ్లకు ఒకటే వాకిలి. నిప్పురవ్వ పడుటయే తడవు. మగ్గము మీది పడుగు కాలిపోయినచో పోవునది నూలు ఖరీదు మాత్రమే కాదు. ఆసు పోసిన దినములు, అచ్చులు ఎత్తిన దినములు, ఇంటిల్లిపాది కష్టము, తీసికొనిన బయానా, అన్నియు పోవును.

మొదటి ఛార్జి చేయు విధానము

1. పెట్టె తెరచి బ్యాటరీని నాలుగు ప్రక్కల చూడవలెను. సొట్ట, పగులు, ఉబ్బు, తడి, తియ్యటి ఘాటు వాసన ఏది ఉన్నను ఛార్జి పెట్టక తిరిగి ఇచ్చివేయవలెను. బిల్లును, బ్యాటరీ మీది సంఖ్యను వ్రాసి దాచుకొనవలెను.

2. దానితో వచ్చిన ఛార్జరునే వాడవలెను. పిన్ను సరిపోయినంత మాత్రమున ఛార్జరు సరిపోయినట్లు కాదు. పాత సీసపు బ్యాటరీ ఛార్జరును లిథియమునకు తగిలించరాదు. పాత ఇన్వర్టరుకు కొత్త లిథియం బ్యాటరీ పెట్టువారు, ఆ ఇన్వర్టరులో లిథియమునకు వేరు అమరిక ఉన్నదో లేదో మెకానిక్కును అడిగి తెలిసికొనవలెను. 12.8 వోల్టుల ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీలో 4 సెల్లులుండును. దాని పై హద్దు 14.6 వోల్టులు. సీసపు బ్యాటరీ కొరకు చేసిన కొన్ని ఇన్వర్టరులు అప్పుడప్పుడు 15 వోల్టులు దాటించి ఛార్జి చేయును. అది సీసమునకు మందు, లిథియమునకు విషము.

3. చోటు ముఖ్యము. సిమెంటు నేల మీద గాని, బండ మీద గాని పెట్టవలెను. మంచము, చాప, నూలు మూట, పలక పెట్టె మీద పెట్టరాదు. చుట్టు నాలుగైదు అడుగుల మేర నూలు, పట్టు, గుడ్డ, కిరోసిను, గ్యాసు సిలిండరు లేకుండ తీసివేసి, పీచును ఊడ్చివేయవలెను. పట్టు తీయు పొయ్యిల దగ్గర అసలే కూడదు. వాకిలికి అడ్డముగా పెట్టరాదు. నిప్పు పుట్టినచో మనము పారిపోవలసిన దారి అదే గదా. గాలి ఆడు వసారా నీడ అన్నిటికంటె మేలు.

4. వేడిగా ఉన్నప్పుడు ఛార్జి పెట్టరాదు. సాధారణముగా 0 నుండి 45 డిగ్రీల సెంటిగ్రేడు లోపల ఛార్జి చేయవలెనని నియమము. మన ప్రాంతపు చలికాలము ఎంత చలియైనను బ్యాటరీకి భయము లేదు. భయము చైత్ర వైశాఖములలోని రేకుల ఇండ్ల మధ్యాహ్నపు వేడి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు ఎండలో పోయి వచ్చిన స్కూటరును వెంటనే ఛార్జికి పెట్టక, ఒక గంట నీడన చల్లారనీయవలెను.

5. గోడకు బిగించిన, ఎర్తు ఉన్న మూడు రంధ్రముల ప్లగ్గునే వాడవలెను. వదులు ప్లగ్గులు, అతుకుల తీగలు, ఒకే తీగకు మగ్గము మోటారు, ఇస్త్రీపెట్టె, ఛార్జరు కలిపి తగిలించుట ప్రమాదము. బ్యాటరీ మీదను, ఛార్జరు మీదను గుడ్డ కప్పరాదు.

6. ఉదయము మొదలుపెట్టి, పెద్దవారొకరు చూపు మేర దూరములో ఉండవలెను. అరగంటకొకసారి వెనుకచేతితో తాకి చూడవలెను. గోరువెచ్చగా ఉండుట సహజము. చేయి ఉంచలేనంత వేడి, ఉబ్బు, బుస్సుమను చప్పుడు, వాసన, పొగ కనబడినచో బ్యాటరీని ముట్టక మెయిన్ స్విచ్చి ఆపవలెను.

7. మొదటిసారి మధ్యలో ఆపక నిండనీయుట మంచిది. అనేక సెల్లులున్న బ్యాటరీలో కాపలా పలక సెల్లులన్నిటిని ఒక మట్టమునకు తెచ్చుట నిండు సమయముననే జరుగును. ఎంత నిండినదో చూపు కొలత కూడ అప్పుడే సరిపడును. మధ్యలో కరెంటు పోయినచో చింత లేదు, వచ్చిన తరువాత మిగిలినది నిండును. నిండినదని దీపము చూపగానే స్విచ్చి ఆపి, ఛార్జరు తీసివేయవలెను.

తరువాతి దినములలో

పూర్తిగా ఖాళీ చేసి నింపవలెనను పాత నియమము లిథియమునకు వర్తించదు. దానికి పాత అలవాటు పట్టు గుణము లేదు. సగములో ఉన్నప్పుడు నింపుకొనినను దోషము లేదు. మాటిమాటికి అట్టడుగు వరకు వాడుటయే దాని ఆయుస్సును తగ్గించును. ఫోనును 20 శాతమునకు దిగక ముందే పెట్టి, 80 ప్రాంతమున తీసినచో ఎక్కువ కాలము మన్నును. ఇన్వర్టరుకు బిగించిన బ్యాటరీ ఎల్లప్పుడు తీగకు ఉండునదే. మొదటి కొన్ని ఛార్జీలు పగలు గమనించి, అమరిక సరిగా ఉన్నదని తెలిసిన తరువాత దానిని వాడుకలో ఉంచవచ్చును. అప్పుడును అది పడకల ప్రక్కన గాని, నూలు మూటల నడుమ గాని ఉండరాదు. స్కూటరు బ్యాటరీని మాత్రము ఎన్ని నెలలు గడచినను నిద్రపోవు గదిలో ఛార్జి చేయరాదు.

పని లేని నెలలలో బ్యాటరీని మూలబెట్టువారు నిండుగా గాని, ఖాళీగా గాని కాక, సగము ఛార్జిలో చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి చూచుకొనవలెను.

నిప్పు పుట్టినచో

మొదట మనుషులు, తరువాతనే మగ్గము. అందరు బయటికి రావలెను. చేతికి అందినచో మెయిన్ స్విచ్చి ఆపవలెను. మండుచున్న బ్యాటరీని ఎత్తి బయట పడవేయు సాహసము చేయరాదు. దాని పొగ విషము. పైన ఇసుక కప్పినంత మాత్రమున లోపలి వేడి చల్లారదు. ఒక సెల్లునుండి ఇంకొక సెల్లుకు వేడి ప్రాకుచునే ఉండును. కరెంటు తెగినదని రూఢి అయిన తరువాత దూరమునుండి ధారాళముగా నీరు పోయుటయే దానిని చల్లార్చును. పొగ నిండిన గదిలోనికి నీళ్ల బిందెతో పోరాదు. 101కి గాని, 112కి గాని ఫోను చేయవలెను. మంట ఆరిన తరువాత కూడ అది మరల రాజుకొనుట కలదు గనుక ఇంటిలోనికి తేరాదు.

కొనునప్పుడు

చౌకయని పేరు లేని బ్యాటరీని, ఊరిలో అతికి కట్టిన బ్యాటరీని కొనరాదు. ఫోను బ్యాటరీల మీద భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు, ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య ఉన్నవా చూడవలెను. స్కూటరు బ్యాటరీ ఏ.ఐ.ఎస్. 156 పరీక్షకు నిలిచినదా అని అడిగి బిల్లు తీసికొనవలెను. పాతబడిన బ్యాటరీని పెంటలో పారవేయరాదు, పగులగొట్టరాదు. 2022 నాటి కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులది. కొన్న చోటనే తిరిగి అప్పగించవలెను.

చివరకు ఒక మనవి. బ్యాటరీ కొనువారు సాధారణముగా మగవారు. పగలంతా ఇంటిలో రాట్నము దగ్గర కూర్చుండువారు ఆడవారు, ముసలివారు. మొదటి ఛార్జికి కాపలా ఉండువారు వారే. కావున ఈ వ్యాసమును చదివినవారు వారికి కూడ చదివి వినిపించవలెనని, మెయిన్ స్విచ్చి ఎక్కడ ఉన్నదో, దానిని ఎట్లు ఆపవలెనో ఇంటిలో పదేండ్లు దాటిన ప్రతివారికి చూపవలెనని కోరుచున్నాము. బ్యాటరీతో వచ్చిన కాగితము అర్థము కానివారు దానిని సంఘ కార్యాలయమునకు తెచ్చినచో మేము చదివి చెప్పెదము. అందుకు రుసుము లేదు. బ్యాటరీని ఛార్జికి పెట్టక ముందే రావలెనని మాత్రము మా కోరిక.